సగానికి పైగా ‘తెల్లవారు’ అన్న లెక్కలో ఎవరెవరున్నారు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్న హామ్‌ట్రామిక్ అనే చిన్న నగరం గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనాన్ని ఆసక్తితో చదివాను. ఒక చిన్న ఊరి జనాభా వందేళ్లలో ఎలా మారిపోయిందో తెలుగు పాఠకులకు చెప్పాలన్న ప్రయత్నాన్ని మనసారా అభినందిస్తున్నాను. అయితే ఆ కథనంలో ఇచ్చిన అంకెలు సరైనవే అయినా, వాటి నుంచి తీసిన అర్థం సరైనది కాదు. ముప్పై ఏళ్లు కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని కావడం వల్లా, మా అబ్బాయి డెట్రాయిట్ ప్రాంతంలో ఉద్యోగం చేస్తుండగా అక్కడ నెలల తరబడి ఉండి ఆ ఊరి వీధుల్లో తిరిగినవాణ్ని కావడం వల్లా ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

2010 జనగణన ప్రకారం ఆ నగరంలో తెల్లవారు 53.6 శాతం, నల్లవారు 19.3 శాతం, ఆసియా వారు 21.5 శాతం అని మీ కథనం చెప్పింది. ఆ వెంటనే, తెల్లవారు సగానికి పైగా ఉన్న ఊళ్లో 2021 ఎన్నికల తరువాత నగర కౌన్సిల్ సభ్యులందరూ, మేయరుతో సహా, ముస్లింలే ఎలా అయ్యారని ఆశ్చర్యపోయింది. ‘తెల్లవారు’ అన్న మాటకు మన మనసులో ఉన్న అర్థమే అమెరికా జనగణన శాఖ మనసులోనూ ఉంటుందని అనుకోవడం వల్ల పుట్టిన ఆశ్చర్యం అది.

ఆ శాఖ పాటించే నిర్వచనం ప్రకారం ఐరోపా, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల మూలవాసుల సంతతి వారంతా ‘తెల్లవారే’. 2020లో ఇంటింటికీ పంపిన పత్రంలో ‘తెల్లవారు’ అని గుర్తు పెట్టే గడి కింద ఉదాహరణలుగా జర్మన్, ఐరిష్, ఇంగ్లీష్, ఇటాలియన్ అన్న మాటలతో పాటు లెబనీస్, ఈజిప్షియన్ అన్న మాటలు కూడా అచ్చువేశారు. అంటే యెమెన్ నుంచి వచ్చి హామ్‌ట్రామిక్‌లో స్థిరపడిన అరబ్బు కుటుంబమూ, ఒకప్పుడు ఆ ఊరికి ప్రాణంగా ఉన్న పోలిష్ క్యాథలిక్ కుటుంబమూ ఆ పట్టికలో ఒకే వరుసలో కూర్చుంటాయి. ప్రస్తుత శతాబ్దంలో ఆ ఊరికి జరిగిన మార్పుల్లో పెద్దది పోలిష్ వారు తగ్గి యెమెనీలు పెరగడం. ‘తెల్లవారి శాతం’ అన్న అంకెలో ఆ మార్పు కనపడదు, ఎందుకంటే వెళ్లినవారూ తెల్లవారే, వచ్చినవారూ తెల్లవారే.

ఊరి సంగతి కొంత చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. సుమారు రెండు చదరపు మైళ్ల విస్తీర్ణంలో, దాదాపు నాలుగు వైపులా డెట్రాయిట్ నగరమే ఆవరించి ఉన్న ఊరు అది. 1910 ప్రాంతంలో డాడ్జ్ సోదరులు అక్కడ మోటారు కార్ల కర్మాగారం పెట్టడంతో పోలండ్ నుంచి కూలీలు వేలుగా వచ్చిపడ్డారు. 1930 నాటికి జనాభా 56,268కి చేరింది. 1970లో కూడా ఊళ్లో పది మందిలో తొమ్మిది మంది పోలిష్ మూలాల వారే. 1980లో ఆ కర్మాగారం మూతపడింది. పోలిష్ కుటుంబాల పిల్లలు శివారు పట్టణాలకు తరలిపోగా, అద్దెలు తక్కువగా ఉన్న ఆ ఇళ్లలోకి యెమెన్ నుంచి, బంగ్లాదేశ్ నుంచి, పూర్వపు యుగోస్లావియా ప్రాంతాల నుంచి వచ్చినవారు చేరారు. 2010లో 22,423 ఉన్న జనాభా 2020 నాటికి 28,433 అయింది. బోస్నియా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం కూడా ‘తెల్లవారి’ గడిలోకే వస్తుందని వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు చెప్పండి, 53.6 శాతం తెల్లవారున్న ఊళ్లో ముస్లిం కౌన్సిల్ రావడంలో వింత ఏముంది?

మతం సంగతి వచ్చింది కనుక ఇంకొక మాట. అమెరికా జనగణన మతాన్ని అడగదు. మన జనాభా లెక్కల్లో మతానికి ఒక కాలమ్ ఉంటుంది కాబట్టి అక్కడా ఉంటుందని మనం సహజంగా అనుకుంటాం. అక్కడ మత విశ్వాసం గురించి నిర్బంధంగా ప్రశ్న వేయరాదని 1976 నుంచి చట్టమే ఉంది. కాబట్టి హామ్‌ట్రామిక్‌లో ముస్లింలు ఇంత శాతం అని ఎవరు రాసినా అది జనగణన అంకె కాదు, ఎవరో వేసిన అంచనా. మీ కథనంలో ఆ అంచనానూ జనగణన అంకెలనూ ఒకే పట్టికలో, ఒకే ఆధారం కింద ఇచ్చారు.

ఇక ఈ శాతాలను చూపడానికి మీ కథనంలో వేసిన రంగుల చక్రం బొమ్మ. మీరు వేసిన ముక్కలన్నీ కలిపితే నూరు దాటుతున్నాయి. అచ్చుతప్పు అని చాలామంది పాఠకులు అనుకొని ఉంటారు కానీ అది అచ్చుతప్పు కాదు. అక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది: మీరు హిస్పానిక్ లేదా లాటినో మూలానికి, అంటే మెక్సికో వంటి స్పానిష్ సంస్కృతి గల దేశాల మూలానికి, చెందినవారా, కాదా? రెండవది: మీ రేస్ ఏమిటి? మొదటి ప్రశ్నకు అవునన్న వ్యక్తి రెండవ ప్రశ్నకు తెల్ల, నల్ల, ఆసియా, మరేదైనా, ఏ జవాబైనా ఇవ్వవచ్చు. ఊహకు వెయ్యి మంది ఉన్న ఒక పట్టణాన్ని తీసుకోండి. తెల్లవారు 700, నల్లవారు 100, ఆసియా వారు 50, ‘ఇతరులు’ 100, ఒకటి కంటే ఎక్కువ గడులు నింపినవారు 50. వెయ్యి నిండింది. ఆ పట్టణంలో హిస్పానిక్‌లు 200 మంది అని ఇంకొక పట్టిక చెబితే, ఆ 200 మంది ఈ వెయ్యి మందిలోనే, ఈ ఐదు రకాల్లోనే చెదిరి ఉన్నారని అర్థం. వారిని ఆరో ముక్కగా తెచ్చి చక్రానికి అతికిస్తే వెయ్యి మంది ఊరు పన్నెండు వందల మంది ఊరవుతుంది. హామ్‌ట్రామిక్‌లో హిస్పానిక్‌ల వాటా చాలా చిన్నది కాబట్టి మీ చక్రం కొద్దిగానే పొంగింది. టెక్సాస్ సరిహద్దు పట్టణం గురించి ఇదే పద్ధతిలో బొమ్మ వేసి ఉంటే మొత్తం నూట తొంభై దాకా పోయేది.

ఈ రెండు ప్రశ్నల పద్ధతి అక్కడి జనాన్ని కూడా తికమక పెడుతూనే ఉంది. మెక్సికో, మధ్య అమెరికా మూలాల వారిలో చాలామంది రేస్ ప్రశ్న కింద తమదైన గడి కనపడక, ‘మరేదైనా రేస్’ అన్న గడి నింపి పక్కన తమ దేశం పేరు రాస్తారు. 2020లో ఆ గడిని ఒంటరిగానో వేరొక గడితో కలిపో నింపినవారు 4.99 కోట్ల మంది; నల్లవారి గడి నింపిన 4.69 కోట్ల కంటే ఎక్కువ. ఏ గడిలోనూ ఇమడని వారి కోసం పెట్టిన గడి దేశంలో రెండో స్థానానికి వచ్చిందంటే ఆ గడులు గీసిన తీరులోనే ఏదో లోపం ఉందని అనుకోవాలి.

మీ కథనంలో నన్ను నవ్వించిన వాక్యం ఒకటుంది, మన్నించాలి. ‘ఈ నగరంలో అమెరికన్ భారతీయులు ఒక శాతం కూడా లేరు’ అని రాశారు. ఇంగ్లీషు పట్టికలో అమెరికన్ ఇండియన్ అని ఉన్నదాన్ని చూసి మన విలేకరి మనవాళ్లే అనుకున్నట్టున్నారు. వారు కొలంబస్ పొరపాటు వల్ల ఆ పేరు మోస్తున్న అమెరికా ఆదివాసులు. మనవాళ్లకు ఉన్న గడి ‘ఏషియన్ ఇండియన్’. అది ఆసియా వారి కిందికి వస్తుంది. 2020లో ఆ ఒక్క గడినే ఎంచుకున్నవారు దేశమంతటా దాదాపు 44 లక్షల మంది ఉన్నారు. ఒకే ఆసియా మూలాన్ని పేర్కొన్నవారిలో చైనా మూలాల వారిని దాటి మొదటి స్థానం వారిదే అయింది. హామ్‌ట్రామిక్‌లోని 21.5 శాతం ఆసియా వారిలో మాత్రం అత్యధికులు బంగ్లాదేశ్ వారు. బంగ్లాదేశ్, పాకిస్తాన్ వారికి పత్రంలో సొంత గడి లేదు. ‘ఇతర ఆసియా’ అని గుర్తు పెట్టి పేరు చేత్తో రాయాలి. అక్కడి కోనంట్ వీధిలో బెంగాలీ అక్షరాల బోర్డులు వరుసగా కనపడతాయి. అలాంటి ఊరి ఆసియా వారి శాతం పక్కన మీ చిత్రకారుడు చైనా లాంతరు బొమ్మ వేయడం చూసి అక్కడివారు ఏమనుకుంటారో!

గడి పేరులో ఏముంది, తెల్ల అంటే ఏమిటి, ఆసియా అంటే ఏమిటి అని కొట్టిపారేయడానికి వీల్లేదని చెప్పడానికి ఇదే ఊరు మంచి ఉదాహరణ. ఇంగ్లీషు అంతగా రాని పౌరులు ఒక స్థాయికి మించి ఉన్న చోట్ల వారి భాషలో కూడా ఓటు పత్రాలు ఇవ్వాలని 1975లో అమెరికా ఓటు హక్కు చట్టానికి ఒక నిబంధన చేర్చారు. ఏ ఊరికి ఏ భాష వర్తిస్తుందో జనగణన శాఖే లెక్కగట్టి ప్రకటిస్తుంది. 2011లో వెలువడిన జాబితాలో హామ్‌ట్రామిక్‌కు బెంగాలీ వచ్చింది. అరబ్బీ రాలేదు, రాదు కూడా. ఎందుకంటే ఆ నిబంధన స్పానిష్ మూలాల వారికి, ఆసియా వారికి, అమెరికా ఆదివాసులకు, అలాస్కా ఆదివాసులకు మాత్రమే వర్తిస్తుంది. ‘తెల్లవారి’ గడిలో ఉన్న యెమెనీ ముసలమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఆ చట్టం దృష్టిలో ఆమెకు భాషా అల్పసంఖ్యాక హోదా లేదు. ఒకే వీధిలో, ఎదురెదురు ఇళ్లలో ఉన్న ఇద్దరిలో ఒకరి భాషకు చట్టం అండగా నిలిచి, రెండోవారి భాషకు నిలవకపోవడానికి కారణం ఆ గడి ఒక్కటే.

ఇటువంటి గడులు ఏ శాస్త్రమూ గీసి ఇచ్చినవి కావు. అవసరాన్ని బట్టి, రాజకీయాన్ని బట్టి ఎప్పటికప్పుడు చెరిపి గీసినవి. 1790లో మొదటి జనగణన జరిగినప్పుడు ఉన్న విభజన స్వేచ్ఛాయుతులైన తెల్లవారు, ఇతర స్వేచ్ఛాయుతులు, బానిసలు అని మాత్రమే. 1930లో ‘మెక్సికన్’ అన్నదాన్ని ఒక రేస్‌గా చేర్చి, నిరసనలు రావడంతో 1940 నాటికి తీసేశారు. మన సంగతి ఇంకా చిత్రమైనది. 1920, 1930, 1940 జనగణనల్లో భారతదేశం నుంచి వెళ్లినవారికి పెట్టిన రేస్ పేరు ‘హిందూ’. పంజాబు నుంచి కాలిఫోర్నియా పొలాలకు వెళ్లిన సిక్కు రైతైనా, బెంగాల్ నుంచి ఓడల మీద వెళ్లిన ముస్లిం కళాసీ అయినా ఆ లెక్కలో హిందువే. మన భీమవరంలో పుట్టి, 1920లలో అమెరికా చేరి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్లో లెడర్లే ప్రయోగశాలలో పనికి కుదిరిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారికి కూడా ఆ ఏటి నిబంధనల్లో ఉన్న రేస్ పేరు అదే. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవారు’ కారనీ, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారనీ తీర్పు చెప్పింది. ఆ అర్హత మళ్లీ 1946 చట్టంతో గాని రాలేదు. ఇంతా చేసి 1970 జనగణనలో భారతీయులను ‘తెల్లవారి’లో కలిపి లెక్కవేశారు! 1980 నుంచి ‘ఏషియన్ ఇండియన్’ అన్నారు. కోర్టులో కాదన్న తెలుపు లెక్కల్లో ఒక్క పదేళ్లు అంటుకొని వదిలిపోయింది. 1970లో ఒక చిన్న నగరంలో ఉన్న భారతీయ వైద్యుడి కుటుంబం 1980 నాటికి ఇల్లు మారకుండానే తెల్లవారి వరుస నుంచి ఆసియా వారి వరుసకు మారింది. ఆ ఊరి పట్టికలు పక్కపక్కన పెట్టి చూసిన పాఠకుడు ఆసియా వలస మొదలైందని అనుకోవడం ఖాయం.

2010, 2020 అంకెలను పోల్చినప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. ఒకటి కంటే ఎక్కువ రేస్‌లు చెప్పుకున్నవారు 2010లో దేశంలో 2.9 శాతం, 2020లో 10.2 శాతం, అంటే 3.38 కోట్లు. పదేళ్లలో అన్ని మిశ్రమ వివాహాలు జరగలేదు. పత్రంలో చేత్తో రాసేందుకు జాగా పెంచారు, రాసినదాన్ని వర్గీకరించే పద్ధతి మార్చారు. మునుపు ఒక్క గడిలో పడిన మనిషి ఇప్పుడు రెండింటిలో పడ్డాడు. అందువల్ల ఫలానా ఊళ్లో తెల్లవారు పది శాతం తగ్గారని రాసేటప్పుడు అందులో మనుషుల కదలిక ఎంత, లెక్క పద్ధతి మార్పు ఎంత అని విడదీసి చూడాలి.

చిన్న ఊళ్ల అంకెలకు మరికొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఊళ్లో జైలు ఉంటే ఖైదీలను ఆ ఊరి జనాభాగానే లెక్కిస్తారు. అప్పుడు నల్లవారి శాతం ఊరి బడిలో గాని బజారులో గాని కనపడనంత ఎక్కువగా పట్టికలో కనపడుతుంది. కళాశాల వసతి గృహాల్లోని విద్యార్థులదీ ఇదే లెక్క. రెండు జనగణనల నడుమ వచ్చే అంకెలు నమూనా సర్వే నుంచి వస్తాయి. 65,000 కంటే తక్కువ జనాభా ఉన్న ఊళ్లకు పూర్తి పట్టికలను ఐదేళ్లలో సేకరించిన సమాచారాన్ని కలిపి మాత్రమే ఇస్తారు. అలాంటి అంకె పక్కన, అసలు సంఖ్య ఎంత అటూ ఇటూగా ఉండవచ్చో చెప్పే పొరపాటు హద్దు అని ఇంకొక అంకె ఉంటుంది, దాన్ని మన పత్రికలు ఎప్పుడూ వేయవు. పైగా 2020 జనగణనలో వ్యక్తుల గోప్యత కోసం చిన్న ప్రాంతాల వివరాల్లో కావాలనే కాస్త హెచ్చుతగ్గులు చొప్పించారు. కాబట్టి ఒక వార్డులో ఫలానా వారు 7 మంది అని పట్టిక చెప్పినా, అది నాలుగు కావచ్చు, పది కావచ్చు. మీ కథనం అటువంటి ఒంటి అంకె సంఖ్యను పట్టుకొని ఒక పేరా రాసింది.

ఇంకొకటి భాషకు సంబంధించినది. నా వృత్తి కాకపోయినా చెప్పక తప్పదు. మీ కథనంలో ‘జాతి’ అన్న మాట నాలుగు అర్థాల్లో వాడారు. తెల్లజాతి అన్నచోట అది రేస్, పోలిష్ జాతి అన్నచోట ఒక దేశం నుంచి వచ్చినవారి సంతతి, అరబ్బు జాతి అన్నచోట భాషతో ముడిపడిన సమూహం, అమెరికా జాతి అన్నచోట మొత్తం దేశ ప్రజ. తెలుగులో ఆ మాటకు ఇన్ని బరువులు ఉన్నాయి మరి; జాతీయ జెండా నుంచి జాతికుక్క దాకా అన్నింటికీ అదే మాట. మామూలు వ్యాసంలో సందర్భాన్ని బట్టి సరిపెట్టుకోవచ్చు. కానీ రేస్ వేరు, సంతతి వేరు అన్న భేదం మీదే నిలబడిన పట్టికను వివరించేటప్పుడు రెండింటికీ ఒకే మాట వాడితే పాఠకుడికి ఆ భేదం ఎన్నటికీ అందదు. ‘వర్ణం’ అంటే మనకు వేరే తలనొప్పి, అది వెంటనే చాతుర్వర్ణ్యాన్ని గుర్తుచేస్తుంది. రోడ్డు, రైలు, కోర్టు మన మాటలైపోయినట్టే ఈ ఒక్క సందర్భంలో రేస్ అన్న మాటను అలాగే ఉంచి, రెండోదానికి సంతతి అనో మూలం అనో రాస్తే గొడవ తీరుతుందని నా అభిప్రాయం. నాకంటే తెలిసినవారు మీ డెస్కులో ఉంటారు. వారు ఏ మాట ఎంచుకున్నా సరే, రెండు భావాలకు రెండు మాటలు ఉండాలన్నదే నా మనవి.

ఆ ఊరి గురించి మళ్లీ రాసే ఉద్దేశం మీకు ఉంటే, రేస్ పట్టికతో పాటు రెండు ఇతర పట్టికలు చూడవలసిందిగా కోరుతున్నాను. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని, పూర్వీకులు ఎక్కడివారని సర్వేలో విడిగా అడుగుతారు. వాటిలో పోలిష్ వారెందరో, అరబ్బీ మాట్లాడేవారెందరో, బెంగాలీ వారెందరో విడివిడిగా తెలుస్తుంది. జోసెఫ్ కాంపో వీధిలో పోలిష్ రొట్టెల దుకాణాన్నీ, కొంత దూరంలో మసీదునూ ఒకే సాయంత్రం చూసిన నాకు ఊరు కనిపించినది ఆ పట్టికల్లోనే గాని, 53.6 శాతం అన్న అంకెలో కాదు.

చివరగా మరొక మార్పు గురించి ముందుగానే మనవి చేస్తాను. 2024 మార్చిలో అక్కడి ప్రభుత్వం ఈ వర్గీకరణ నియమాలను సవరించింది. రెండు ప్రశ్నలను కలిపి ఒకటి చేయాలనీ, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వారికి ‘తెల్లవారి’ నుంచి వేరుగా ఒక గడి ఇవ్వాలనీ అందులో ఉంది. 2020లో చేత్తో రాసిన వివరాలను బట్టి చూస్తే దేశంలో అటువంటివారు సుమారు 35 లక్షల మంది. ఆ సవరణ 2030 జనగణనలో అమలైతే హామ్‌ట్రామిక్ పట్టికలో ‘తెల్లవారి’ శాతం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ రోజు వార్త మీ డెస్కుకు చేరినప్పుడు, తెల్లవారు ఊరు వదిలిపోతున్నారన్న శీర్షిక పెట్టే ముందు ఒక్కసారి ఈ ఉత్తరాన్ని తీసి చూడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ పాత చందాదారు,
విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు